క్షేమమైన కాలిబాట

మానవుడు నేర్చిన ప్రయాణములలో మొదటిది నడక. బండ్లు, గుఱ్ఱములు, ఓడలు, రైళ్లు, మోటారులు, విమానములు అన్నియు దాని తరువాత వచ్చినవే. ఎంతటి వాహనము నెక్కదలచినవాడైనను దాని దగ్గరకు నడచియే పోవలెను. దిగిన పిదప నడచియే ఇల్లు చేరవలెను. కావున లోకములో పాదచారి కానివాడు లేడు. ఇట్లుండియు నడచువానికి రోడ్డుపై నున్న చోటు నానాటికి తగ్గిపోవుచున్నది. ఒకప్పుడు బాట యనగా మనుష్యులు, పశువులు నడచునది. నేడు రోడ్డనగా మోటారుబండ్లు పరుగెత్తునది. ఈ మార్పు ఎట్లు వచ్చినది? దీనివలన కలిగిన ప్రమాదమేమి? దానిని తొలగించు ఉపాయము లెవ్వి? ఈ సంగతులను తెలిసికొనుట ప్రతి బాలునకు, ప్రతి బాలికకు అవసరము.

1896 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీన లండను నగరములో బ్రిడ్జెటు డ్రిస్కాలు అను స్త్రీ తన కుమార్తెతో కలిసి నడచిపోవుచుండగా మోటారుకారు తగిలి మరణించెను. బ్రిటను దేశములో మోటారుకారు తగిలి మరణించిన మొదటి పాదచారి ఆమెయే. ఆ బండి వేగము మన యెడ్లబండి వేగముకంటె ఏమంత ఎక్కువ కాదు. అయినను అట్టి యంత్రమును అంతకుముందు చూచి యెరుగని ఆమె ఎటు తొలగవలెనో తెలియక నిలిచిపోయెను. ఇట్టి దుర్ఘటన మరల జరుగకుండుగాక యని విచారణాధికారి ఆశించెను. ఆ యాశ ఫలింపలేదు. 2022 వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా దినమున కించుమించు 90 మంది నడచిపోవుచు ప్రాణములు కోల్పోయిరన్నమాట. వారిలో బడికి పోవు పిల్లలు, పొలమునకు పోవు కూలీలు, దేవుని కొండకు పోవు భక్తులు ఉన్నారు.

ఈ విషయము మనకు చక్కగా బోధపడుటకు మార్టూరు ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము. గుండ్లకమ్మ నదికి ఉత్తరమున వ్యాపించిన నల్లరేగడి మైదానములో మార్టూరు ఉన్నది. ప్రకాశము జిల్లా 1970 లో ఏర్పడినది. మార్టూరు బహుకాలము ఆ జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4 వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరినది. చుట్టును ప్రత్తిచేలు, మిరపతోటలు, పొగాకు, శనగ పొలములు కలవు. బల్లికురవ మొదలైన చోట్ల త్రవ్వి తెచ్చిన గ్రానైటు రాతిని కోసి నునుపుచేయు కర్మాగారము లిచ్చట పెక్కు వెలసినవి. వీనికన్నిటికిని ప్రాణాధారమైనది మద్రాసునుండి కలకత్తాకు పోవు రాజబాట. పెద్దలు దీనిని ట్రంకురోడ్డని పిలిచెడివారు. తరువాత నిది 5 వ నంబరు జాతీయ రహదారి యైనది. 2010 లో రహదారుల నంబరులు మార్చినప్పుడు దీనికి 16 వ నంబరు వచ్చినది.

మునుపు ఈ బాట సన్ననిది. రైతు తన యెడ్లబండిని తోలుకొని అవతలి పొలమునకు దాటిపోవుట కష్టమయ్యెడిది కాదు. నేడు చిలకలూరిపేట, నెల్లూరుల నడుమ ఈ రహదారి ఆరు వరుసల రోడ్డుగా విస్తరింపబడినది. పోవు బండ్లకు మూడు వరుసలు, వచ్చు బండ్లకు మూడు వరుసలు, నడుమ డివైడరు. దీనివలన దేశమునకు గొప్ప మేలు కలిగినది. ఉదయము కోసిన కూరగాయలు మధ్యాహ్నమునకు పట్టణము చేరుచున్నవి; మిరపకాయల బస్తాలు గుంటూరు మార్కెట్టుయార్డుకు కొన్ని గంటలలో చేరుచున్నవి; ఆపదలో నున్న రోగిని త్వరగా ఆసుపత్రికి కొనిపోవ వీలగుచున్నది. కాని పొలములు రోడ్డునకు ఒక ప్రక్కను, ఊరు మరియొక ప్రక్కను ఉండిపోయినచోట, పాఠశాల ఒకవైపు, ఇండ్లు మరియొకవైపు ఉండిపోయినచోట, అదే రోడ్డు నడుచువానికి ఏరువలె అడ్డుపడుచున్నది. ఏటి వరద దినములు లెక్కింపదగినవి. ఈ వరద మాత్రము రేయింబవళ్లు ఆగదు.

ఏరు దాటగోరువాడు మొదట దాని లోతు తెలిసికొనును. అట్లే రోడ్డు దాటగోరువాడు వాహనముల వేగము నెరుగవలెను. నాలుగు వరుసలు, అంతకుమించిన వరుసలు గల రోడ్లపై కార్లు గంటకు 100 కిలోమీటర్ల వరకును, లారీలు 80 కిలోమీటర్ల వరకును పోవచ్చునని 2018 లో ప్రభుత్వము నిర్ణయించినది. గంటకు 100 కిలోమీటర్లనగా సెకనుకు సుమారు 28 మీటర్లు. రోడ్డులో ఒక్కొక్క వరుస వెడల్పు సాధారణముగా మూడున్నర మీటర్లుండును. మూడు వరుసలు కలిపి పదిన్నర మీటర్లు. మనిషి సాధారణముగా సెకనుకు 1.2 మీటర్లు నడచును. కావున డివైడరును చేరుటకే వానికి సుమారు 9 సెకనులు పట్టును. ఆ కాలములో కారు దాదాపు 240 మీటర్ల దూరము వచ్చును. తల్లి చేయి పట్టుకొన్న చిన్నపిల్లకును, కఱ్ఱ పట్టుకొన్న ముదుసలికిని ఇంకను ఎక్కువ కాలము పట్టును. అంత దూరమున నున్న బండి ఎంత వేగముతో వచ్చుచున్నదో కంటితో అంచనా కట్టుట పెద్దలకే కష్టము. పిల్లలకు మరింత కష్టము. ఎదురుగా వచ్చు బండి మొదట చిన్న చుక్కవలె కనబడి, చాలసేపు కదలనట్లే తోచి, దగ్గరకు వచ్చిన పిదప ఒక్కసారిగా పెద్దదగును. అప్పటికి తప్పించుకొను అవకాశము దాటిపోవును.

మరి బండి తోలువాడు ఆపరాదా యని మీ రడుగవచ్చును. ఆపవచ్చును, కాని తలచిన చోట ఆపలేడు. మనిషిని చూచుటకు, చూచినదానిని గ్రహించుటకు, కాలు బ్రేకు మీదికి పోవుటకు కొంత కాలము కావలెను. ఎంత మెలకువతో నున్న చోదకునకైనను ఇందుకు ఒక సెకను పట్టును. రోడ్లు కట్టు ఇంజనీర్లు జాగ్రత్తకొఱకు రెండున్నర సెకనులుగా లెక్కింతురు. బ్రేకు వేసిన తరువాతకూడ బండి కొంతదూరము పోయిగాని ఆగదు. నేల పొడిగా నుండి, టైర్లు మంచివై, చోదకుడు మెలకువతో నున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఆగుటకు మొత్తము 13 మీటర్లు చాలును. 60 కిలోమీటర్ల వేగమున 37 మీటర్లు కావలెను. 100 కిలోమీటర్ల వేగమున 83 మీటర్లు కావలెను. వేగము రెండింత లైనచో బ్రేకు వేసిన తరువాత పోవు దూరము నాలుగింత లగునని మీరు ముందు తరగతులలో చదివెదరు. బరువెక్కిన లారీ ఆగుటకు ఇంతకంటె ఎక్కువ దూరము కావలెను. వాన పడి రోడ్డు తడిసినప్పుడు మఱియు ఎక్కువ.

ఒక బాలుడు కారునకు 20 మీటర్ల దూరములో హఠాత్తుగా రోడ్డుమీదికి వచ్చె ననుకొందము. 30 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు వానికి దూరముగనే ఆగిపోవును. బాలుడు ఇంటికి పోయి అన్నము తినును. 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు వానిని చేరునప్పటికి దాని వేగము ఇంకను 55 కిలోమీటర్లుండును; బ్రేకు వేయుటకే ముప్పాతిక వంతుకంటె ఎక్కువ దూరము గడచిపోయినది. 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు, చోదకుని కాలు బ్రేకును తాకకమునుపే ఆ బాలుని తాకును. బాలుడు చేసిన పొరపాటు మూడు సందర్భములందును ఒక్కటియే. ఫలితములు మాత్రము వేరు. ప్రాణములను నిలుపునదియు, తీయునదియు ముఖ్యముగా వేగమే యని దీనివలన తెలియుచున్నది.

ఇక మార్టూరునకు వాయవ్యమున నున్న కోటప్పకొండ సంగతి చూతము. నరసరావుపేట, చిలకలూరిపేటల ప్రాంతమున మైదానము నడుమ లేచిన మూడు శిఖరముల కొండ యిది. అందుచే త్రికూటాచల మని పేరు వచ్చినది. ఇచ్చటి త్రికూటేశ్వరస్వామి వెలసిన కథలో ఒక నడక కలదు. గొల్లభామ యైన ఆనందవల్లి కోరికపై స్వామి ఆమె వెంట కొండ దిగి వచ్చుటకు అంగీకరించి, వెనుదిరిగి చూడరాదని నియమము పెట్టెననియు, దారిలో పెద్ద ధ్వని విని ఆమె వెనుదిరిగి చూడగా స్వామి అచ్చటనే నిలిచిపోయెననియు ప్రజలు చెప్పుకొందురు. మహాశివరాత్రికి చుట్టుప్రక్కల గ్రామములవారు ఎత్తైన ప్రభలను కట్టి ఊరేగింపుగా తెచ్చెదరు. వేలకొలది జనులు కాలినడకను వచ్చెదరు. కొండ నెక్కుటకు మెట్లున్నవి. మోటారుబండ్లు ఎక్కుటకు ఘాటురోడ్డు కలదు.

శివరాత్రి మాఘ బహుళ చతుర్దశినాడు, అనగా ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చును. మిరపకాయలు కోసి, ఎండబెట్టి, బస్తాల కెత్తు కాలమును అదియే. మార్టూరు, చిలకలూరిపేట ప్రాంతముల రోడ్లపై లారీలు, ట్రాక్టర్లు అధికముగా తిరుగుచుండగా, కూలీల ఆటోలు తెల్లవారకముందే బయలుదేరుచుండగా, అదే సమయమున తిరునాళ్లకు నడచువారు గుంపులు గుంపులుగా రాత్రివేళ రోడ్డు నెక్కుదురు. కొన్ని ఊళ్లలో రైతులు కళ్లములు చాలక సర్వీసు రోడ్డుమీదనే పంట నారబోయుదురు. అంచున చోటు లేక నడచువారు రోడ్డు నడిమికి జరుగుదురు. ఇందులో ఎవరి పని వారికి న్యాయమే. కాని అన్నియు ఒకే రోడ్డున కలిసినప్పుడు ప్రమాదము పుట్టుచున్నది.

నరసరావుపేటనుండి ఈ కొండకు పోవు త్రోవలో యల్లమంద గ్రామమున్నది. ఆ త్రోవలోనే నరసరావుపేట ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఒకవైపున వందలకొలది యువకులు చదువుకొను ప్రాంగణము, మరియొకవైపున కొండ. అట్టిచోట సెలవు దినమున ఉదయము కొండ నెక్కి రావలెనని విద్యార్థులకు తోచుట సహజము. అది మంచి కోరికయే. కొండ నెక్కుటవలన గుండె బలపడును. చదువుచే అలసిన మనస్సు తేటపడును. చెట్లను, రాళ్లను, పక్షులను చూచి నేర్చుకొన వీలగును. ప్రాంగణములోపల నడచుటకు భయము లేదు. కొండమీది మెట్లపై మోటారుబండి రాదు. ఈ రెంటి నడుమ నున్న రోడ్డు విషయమే ఆలోచింపదగినది. కళాశాలలు ఊరికి వెలుపల రహదారుల ప్రక్కను వెలయుట నేడు మన రాష్ట్రమంతట కనబడుచున్నది. కావున ఒక్క చోటను మనస్సులో నుంచుకొని చెప్పినను, ఈ మాటలు అన్ని చోట్లకును చెల్లును.

ప్రాంగణమునుండి కొండ పాదము వరకు నడకదారిని క్షేమముగా నేర్పరచుట ఎట్లు? మొదటి ఉపాయము నడచువారిని బండ్లనుండి వేరుచేయుట. రోడ్డు ప్రక్కను ఎత్తుగా కాలిబాట నిర్మింపవలెను. దానిపై నడచుటకు కనీసము 1.8 మీటర్ల వెడల్పున అడ్డులేని చోటుండవలెనని భారతీయ రోడ్డు కాంగ్రెసు 2012 లో ప్రకటించిన సూచనలలో చెప్పినది. చక్రముల కుర్చీలో పోవు వికలాంగులు ఒకరినొకరు దాటిపోవుటకు అంత చోటు అవసరము. బాట మరీ ఎత్తైనచో ముదుసలులు దానిని విడిచి రోడ్డుననే నడతురు. కావున అంచు 15 సెంటీమీటర్లకు మించరాదు. బాటపై కరెంటు స్తంభములు, దుకాణముల సామగ్రి, నిలిపిన మోటారు సైకిళ్లు ఉన్నచో అది పేరునకు మాత్రమే బాట. మన మైదానములలో ఎండ మెండు కనుక ప్రక్కను వేప, కానుగ చెట్లు నాటవలెను. నీడలేని బాటను విడిచి నడచువారు నీడ యున్న వైపునకే పోదురు.

రెండవ ఉపాయము వేగమును తగ్గించుట. బడి, కళాశాల, గుడి, సంత ఉన్నచోట రోడ్డు తీరే చోదకునిచేత నెమ్మదిగా నడిపింపవలెను. కేవలము బోర్డు నాటి ఊరకుండిన చాలదు. విశాలమై తిన్నగా నున్న రోడ్డుపై ఎవరికైనను కాలు తెలియకుండగనే బరువగును. రోడ్డు నచట కొంత ఇరుకు చేసిననో, ముందుగా హెచ్చరించి స్పీడు బ్రేకరు వేసిననో వేగము దానంతట అదియే తగ్గును. నడచువారును బండ్లును కలిసి తిరుగు చోట్ల వేగము గంటకు 30 కిలోమీటర్లకు మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాకుహోము నగరమున సమావేశమైన దేశములు ప్రకటించినవి. ఆ సంఖ్య ఎందులకో పైని బాలుని ఉదాహరణము చదివిన మీకు తెలియును.

మూడవ ఉపాయము దాటుటకు తగిన చోట్ల నేర్పరచుట. ఇది నేటి ఆలోచన కాదు. 1868 లో లండను పార్లమెంటు భవనము చెంత రోడ్డు దాటువారికొఱకు గ్యాసు దీపముల సంకేత స్తంభమును నిలిపిరి. మరుసటి సంవత్సరమే గ్యాసు ప్రేలి అది పాడైనది. 1951 లో ఇంగ్లండులోని స్లౌ పట్టణమున తెలుపు నలుపు చారల దాటుచోటును మొదట ఏర్పరచిరి. చారల గుఱ్ఱమును పోలియుండుటచే దానికి జీబ్రా యని పేరు వచ్చినది. అయితే 100 కిలోమీటర్ల వేగముతో బండ్లు పోవు రహదారిపై చారలు మాత్రము గీసిన చాలదు. నడచువాడు చారలను నమ్మును. చోదకుడు వానిని గమనింపడు. అప్పుడు రక్షణయే ప్రమాదమగును. చిన్న రోడ్లపై జీబ్రా చారలును, కొంచెము పెద్ద రోడ్లపై చారలతోపాటు నడుమ నిలుచుటకు తగిన డివైడరును, జాతీయ రహదారులపై క్రిందిత్రోవయు ఉండవలెను. నడుమ నిలువ చోటున్నప్పుడు మనిషి ఒకసారి ఒకవైపు బండ్లనే చూచుకొని సగము దాటి, ఆగి, తరువాత రెండవ సగము దాటవచ్చును. పని సగమగుటవలన పొరపాటు సగముకంటె ఎక్కువగా తగ్గును.

కొన్నిచోట్ల రోడ్డుమీదుగా పాదచారుల వంతెనలు కట్టుదురు. కాని గడ్డిమోపు నెత్తిన పెట్టుకొన్న స్త్రీ ముప్పది, నలువది మెట్లెక్కి మరల దిగునా? సైకిలు తోలుకొని పోవు బాలుడు దాని నెక్కునా? క్రిందనే దాట వీలున్నచో ఎక్కువమంది క్రిందనే దాటుదురు. వారిని నిందించుటకంటె, నడచువానికి తక్కువ శ్రమ కలిగించు క్రిందిత్రోవను ఏర్పరచుట మేలు. ఆ త్రోవ వెడల్పై, వెలుతురు కలదై, వాననీరు నిలువనిదై యుండవలెను. చీకటి గుయ్యారము వంటి త్రోవలో ఆడపిల్లలు పోజాలరు.

నాల్గవ ఉపాయము వెలుతురు. రాత్రివేళ చోదకుడు తన బండి దీపములు చూపినంతమేరకే చూడగలడు. ఎదుటి బండికొఱకు దీపములను క్రిందికి వంచినప్పుడు ఆ వెలుగు కొన్ని పదుల మీటర్లకే చాలును. కాని 80 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ ఆగుటకు 70 మీటర్లు కావలెను. ముదురు రంగు వస్త్రములు ధరించినవాడు చోదకునకు చాల దగ్గరకు వచ్చువరకు కనబడడు. మనకు బండి దీపములు దూరమునుండియే కనబడుటచే, మనముకూడ చోదకునకు కనబడుచున్నామని భ్రమపడుదుము. తెల్లని వస్త్రము కొంత మేలు. తనపై పడిన వెలుగును వచ్చిన దిక్కునకే త్రిప్పిపంపు మెరుపు పట్టీ అంతకంటె మేలు. రాత్రి కొండకు నడచువారు వీపునకు, చేతికఱ్ఱకు, ప్రభబండికి అట్టి పట్టీలు అంటించుకొన్నచో చోదకుడు వారిని ఎంతో దూరమునుండియే గుర్తించును. ఇది స్వల్పవ్యయముతో అగు పని.

ఈ ఉపాయములలో కొన్ని మన రాష్ట్రములోనే చిరకాలముగా అమలులో నున్నవి. తిరుపతిలో 1954 లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంగణము శేషాచలముల చేరువనే యున్నది. తిరుమల కొండకు అలిపిరినుండి సుమారు 9 కిలోమీటర్ల నడకదారి 3,550 మెట్లతో పోవుచున్నది. చంద్రగిరి వైపునుండి శ్రీవారి మెట్టు అను మరియొక దగ్గరి దారి 2,388 మెట్లతో కలదు. 1944 లో మొదటి ఘాటురోడ్డు వచ్చినది. 1974 లో రెండవది వచ్చినది. ఇప్పుడు ఒక రోడ్డున బండ్లు ఎక్కును, రెండవదానిపై దిగును. కావున ఎదురెదురు బండ్లు ఢీకొను భయము తగ్గినది. బండి బయలుదేరిన కాలమును, చేరిన కాలమును చూచి, నియమితకాలముకంటె ముందుగా వచ్చిన బండిపై చర్య తీసికొందురు. ఈ నియమమువలన అతివేగము చోదకునకు లాభము కాక నష్టమగుచున్నది. నడకదారి పైభాగమున కొంత దూరము మోటారుదారి ప్రక్కనే సాగినను, నడచువారికి వేరుగా బాట నేర్పరచిరి. దారిలో చాలవరకు పైకప్పును, దీపములును, త్రాగునీరును కలవు.

కొండదారికి మోటారుల భయము తొలగినను వేరు భయము లుండవచ్చును. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక బాలికను చిరుతపులి చంపినది. ఆ దుఃఖకరమైన సంఘటన తరువాత మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిదప చిన్నపిల్లలను నడకదారిన పోనీయకుండ నియమము చేసిరి; నడచువారు గుంపులుగా పోవలెననిరి; చేతికఱ్ఱల నిచ్చిరి. ప్రతి త్రోవకును దాని ప్రమాదము దానికుండును. దానిని కనుగొని, దానికి తగిన ఉపాయమును చేయుటయే వివేకము.

ప్రమాదము జరిగినప్పుడు “వాడు చూచుకొనక నడచినాడు” అని చెప్పి ఊరకుండుట లోకసహజము. కాని మనిషి యన్న తరువాత పొరపాటు చేయకుండునా? పిల్లవాడు బంతి వెంట పరుగెత్తును. ముదుసలికి చెవి వినబడదు. అలసిన కూలికి నిద్రమత్తుండును. ఆ చిన్న పొరపాటునకు మరణము శిక్ష కాగూడదు. పొరపాటు జరిగినను ప్రాణము నిలుచునట్లు రోడ్లను కట్టవలెనను సిద్ధాంతమును స్వీడను దేశము 1997 లో అంగీకరించినది. మన దేశములోను కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగములోని 21 వ అధికరణము క్రింద జీవించు హక్కులో భాగమని సుప్రీముకోర్టు 2025 మే నెలలో స్పష్టముచేసినది. కావున కాలిబాటను కోరుట దయను యాచించుట కాదు.

విద్యార్థులు ఇందులో చేయదగిన పని చాల కలదు. మీ బడి యెదుట ఒక దినము ఉపాధ్యాయునితో కలిసి సురక్షితమైన చోట నిలిచి, ఏ గంటలో ఎందరు రోడ్డు దాటుచున్నారో లెక్కింపుడు. ఏచోట దాటుచున్నారో పటము గీయుడు. వారిలో పిల్లలెందరు, ముదుసలులెందరు, నెత్తిన బరువున్నవా రెందరో వేరువేరుగా వ్రాయుడు. రోడ్డు ప్రక్కను గడ్డిలో పాదముల ఒరపిడివలన ఏర్పడిన సన్నని దారి ఎటు పోవుచున్నదో చూడుడు. ప్రజలకు అవసరమైన త్రోవ అదియే. జీబ్రా చారలు ఒకచోటను, ఆ దారి వేరొకచోటను ఉన్నచో మార్పవలసినది చారల స్థలమును. ఇట్టి లెక్కలతో వ్రాసిన అర్జీకి బలముండును. ఊరి వీథి యైనచో గ్రామపంచాయతికిని, రాష్ట్రపు రోడ్డయినచో రోడ్లు భవనముల శాఖకును, జాతీయ రహదారి యైనచో జాతీయ రహదారుల సంస్థకును వ్రాయవలెను. జాతీయ రహదారిపై ఆపద కలిగినప్పుడు 1033 నంబరునకు టెలిఫోను చేయవచ్చును.

రోడ్లు బాగుపడువరకు మన జాగ్రత్త మనము విడువరాదు. కాలిబాట లేనిచోట రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చు బండ్లను చూచుచు నడువవలెను. ఏలన మన దేశములో బండ్లు ఎడమవైపున పోవును. గుంపుగా పోవునపుడు ఒకరి వెనుక ఒకరు నడువవలెను. దాటబోవునపుడు ఆగి, కుడివైపు, ఎడమవైపు, మరల కుడివైపు చూడవలెను. నిలిచియున్న బస్సు ముందునుండి దాటరాదు. దాని మరుగున వచ్చు బండి మనకు కనబడదు, మనము దానికి కనబడము. రోడ్డు దాటునపుడు సెల్‌ఫోను చేతిలో నుండరాదు. దాట మొదలుపెట్టిన తరువాత వెనుకకు పరుగెత్తరాదు. చిన్నపిల్లల మణికట్టును పట్టుకొని దాటింపవలెను. వ్రేళ్లు పట్టుకొన్నచో జారిపోవును.

ఎవరైనను గాయపడినచో చూచుచు నిలువరాదు. 2005 ఆగస్టు 15 వ తేదీన మన రాష్ట్రములో ప్రారంభమైన 108 వాహనమును వెంటనే పిలువవలెను. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారిని చిక్కులలో పెట్టరాదని 2019 లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ రక్షణ కల్పించుచున్నది. కేసులకు భయపడి తొలగిపోవలసిన పని లేదు. త్వరగా వైద్యము దొరకిన కొలది ప్రాణము నిలుచు అవకాశము హెచ్చును.

నేడు త్రోవ దాటుచున్న మీరే కొన్ని యేండ్లకు మోటారుసైకిలును, కారును, ట్రాక్టరును నడిపెదరు. మీలో కొందరు ఇంజనీర్లై రోడ్లు నిర్మించెదరు. కొందరు పంచాయతి సభ్యులై వానికి ధనము కేటాయించెదరు. అప్పుడు ఈ పాఠమును గుర్తుంచుకొనుడు. బండి నడుపునపుడు జీబ్రా చారలు కనబడినంతనే వేగము తగ్గింపుడు. రోడ్డు వేయించునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న బండి ఎంత త్వరగా పోవుననునది కాదు. ప్రత్తి ఏరి సాయంకాలము ఇంటికి మరలు కూలితల్లి దీనిని క్షేమముగా దాటగలదా యనునది. ఆమె దాటగల రోడ్డు అందరికిని మంచి రోడ్డు.